పడమటి కిటికీతో పేచీ

ఇల్లు కట్టుకునేటప్పుడు వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలా అని నెల్లాళ్ళు ఆలోచిస్తాం. పూజగది ఏ మూల రావాలో ఇద్దరు ముగ్గురు పంతుళ్ళని అడుగుతాం. టైల్సు కోసం కరీంనగర్‌లో షాపులన్నీ తిరిగి, అక్కడా తృప్తి లేక హైదరాబాదు బస్సెక్కుతాం. తీరా కిటికీల దగ్గరికొచ్చేసరికి "అందరూ ఏం పెట్టిస్తున్నారో అవే పెట్టవయ్యా" అని మేస్త్రీకి వదిలేస్తాం. మేమూ అదే చేశాం. చేసి అనుభవించాం కూడా.

మాది పడమటి రోడ్డు. ముందువైపు హాలు, దాని పక్కన అత్తమ్మ గది. రోడ్డు మీదినుంచి చూస్తే ఇల్లు నిండుగా కనబడాలని మావారి సరదా. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, వాటికి నీలం అద్దాలు పెట్టించారు. "నీలం అద్దం పెడ్తే ఎండ రాదమ్మా, సల్లగుంటది" అన్నాడు మేస్త్రీ. మాఘమాసంలో గృహప్రవేశం. వచ్చినవాళ్ళందరూ ఆ కిటికీల్నే మెచ్చుకున్నారు. మా యారాలైతే తన ఇంటికీ అవే పెట్టిస్తానంది.

చైత్రం వెళ్ళేసరికి సంగతి తెలిసొచ్చింది. "ఏంది బిడ్డా, గీ అర్ర పొయ్యి లెక్కున్నది. రాత్రి పన్నెండు గొట్టినా గోడ సల్లబడ్తలేదు" అనేది అత్తమ్మ. పెద్దవాళ్ళు అలాగే అంటార్లే అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. మే నెలలో ఓ రోజు సాయంత్రం అయిదింటికి చాయ్ ఇద్దామని వెళితే మంచం మీద కూర్చునే తూలిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. తడిగుడ్డలు కప్పి, దారి పొడుగునా విసురుతూ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వడదెబ్బ అన్నారు.

"ఇంట్లో కూర్చున్న మనిషికి వడదెబ్బేమిటండీ?" అన్నాను.

"గది కాగిపోతుంటే ఇంట్లోనూ తగుల్తుందమ్మా. పెద్దవాళ్ళకి దాహం సరిగా తెలీదు. పైగా ఈవిడ బీపీకి వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీళ్ళని లాగేసేది" అన్నారు డాక్టరుగారు. నాలుగు రోజుల్లో అత్తమ్మ కోలుకుంది. కానీ ఆ గదిలోకి ఆవిణ్ణి మళ్ళీ పంపాలంటే నాకు చేతులాడలేదు. కిటికీల గురించి చదవడం, అడగడం, కొలవడం అప్పుడు మొదలెట్టాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మంచిర్యాల నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. ఇల్లు స్లాబు దాకా వచ్చిందట. కిటికీల షాపులో "రెండు పొరల అద్దాలు పెట్టించుకోండి, కరెంటు బిల్లు సగమైపోతుంది" అంటున్నారట. మామూలు కిటికీలకీ వాటికీ ఖర్చులో చాలా తేడా ఉంది, కూతురి పెళ్ళికని దాచిన డబ్బులోంచి తియ్యాలి, పెట్టమంటారా వద్దంటారా అని అడిగింది. ఇలాంటి ప్రశ్నకి ఒక్కమాటలో జవాబు చెప్పేస్తే పాపం తగుల్తుంది. కాస్త ఓపిక పట్టండి.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో చీలి ఇప్పుడు ఎనిమిది జిల్లాల పేర్లు పలుకుతున్నాం గానీ, ఎండ మాత్రం ఏ జిల్లాకా జిల్లా పంచుకోలేదు. రామగుండమైనా, జగిత్యాలైనా, మంచిర్యాలైనా మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఆ ఎండ ఇంట్లోకి కిటికీలోంచి రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, సూర్యకిరణం అద్దంలోంచి సూటిగా లోపలికి దూరడం. రెండు, బయటి వేడిగాలి అద్దాన్నీ ఫ్రేమునీ కాల్చి, ఆ వేడి నెమ్మదిగా లోపలికి దిగడం. మనలాంటి ఇళ్ళలో మొదటిదే పెద్ద దొంగ. నాలుగడుగుల చదరపు కిటికీకి మామూలు అద్దం పెట్టి, మే నెలలో సాయంత్రం నాలుగింటికి పడమటి ఎండకి వదిలేస్తే, దానిలోంచి దాదాపు ఏడొందల వాట్ల వేడి లోపలికి వస్తుంది. మన ఇస్త్రీపెట్టె 750 వాట్లుంటుంది. అంటే గదిలో ఇస్త్రీపెట్టె స్విచ్చేసి మర్చిపోయినట్టే! మా అత్తమ్మ గది కిటికీ అంతకంటే పెద్దది. ఒకటిన్నర ఇస్త్రీపెట్టెల మధ్య కూర్చోబెట్టాం ఆవిణ్ణి.

అందుకని, కిటికీ ఏ రకందని అడిగే ముందు ఏ దిక్కున ఉందని అడగాలి.

దక్షిణం అంటే మనవాళ్ళకి భయం. వాస్తు పేరు చెప్పి ఆ వైపు కిటికీ పూర్తిగా మూయించేవాళ్ళని ఎంతమందినో చూశాను. నిజానికి ఎండ లెక్కలో దక్షిణంలాంటి మంచి దిక్కు లేదండీ. కరీంనగర్ భూమధ్యరేఖకి ఉత్తరంగా పద్దెనిమిదిన్నర డిగ్రీల దగ్గరుంది. మే సగం దాటాక మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వాలతాడు. కాబట్టి మండే రోజుల్లో దక్షిణపు కిటికీ మీద ఎండే పడదు. మార్చి నెలాఖరులో కూడా, కిటికీ మీద అడుగున్నర సన్‌షేడ్ ఉంటే మధ్యాహ్నం నాలుగున్నర అడుగుల కింది దాకా నీడ పడుతుంది. డిసెంబరులో సూర్యుడు కిందికి దిగుతాడు కనక అదే సన్‌షేడ్ అడుగున్నర కంటే కాస్త ఎక్కువ మాత్రమే నీడనిస్తుంది, మిగతా ఎండ గదిలోకి వస్తుంది. ఆదిలాబాదు, ఆసిఫాబాదు, ఉట్నూరు వాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది. అక్కడ చలికాలపు రాత్రులు పది డిగ్రీల కిందికి జారిపోతాయి. పొద్దునా మధ్యాహ్నం గదిలోకి వచ్చే ఆ ఎండే వాళ్ళకి దుప్పటి.

ఉత్తరం చల్లగా ఉంటుంది. వేసవిలో కొద్ది వారాలు పొద్దునా సాయంత్రం వాలుగా ఎండ తగుల్తుంది, అంతే. తూర్పు ఎండ పొద్దున్నే వస్తుంది, అప్పటికి గాలి ఇంకా కాగదు కనక భరించగలం.

పేచీ అంతా పడమరతోనే. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు కిందికి వాలి, కిటికీకి ఎదురుగా నిలబడి చూస్తాడు. అడుగున్నర సన్‌షేడ్ అప్పుడు నాలుగడుగుల కిటికీలో పైన అడుగు మేర మాత్రం కాపాడుతుంది. అయిదింటికి అరడుగు. మరి సన్‌షేడ్‌నే పొడిగిస్తే? నాలుగింటికి కిటికీ మొత్తం కప్పాలంటే అయిదారు అడుగుల సన్‌షేడ్ కావాలి. దాన్ని వరండా అంటారు! మన పెద్దవాళ్ళు పడమటి ఇళ్ళకి ముందు వరండా ఎందుకు వేశారో నాకు ఈ లెక్క వేసుకున్నాకే అర్థమైంది. మనమేమో ఆ వరండాని హాల్లో కలిపేసి, గోడకి ఆరడుగుల అద్దం పెట్టుకున్నాం.

పడమటి కిటికీకి కావలసింది నిలువు అడ్డం, అదీ బయటివైపు. లోపల మందపాటి కర్టెన్ వేసి "ఎండ ఆపేశాం" అనుకుంటాం. కర్టెన్ వెలుతురుని ఆపుతుంది, నిజమే. కానీ వేడి అప్పటికే అద్దం దాటి లోపలికొచ్చేసింది. కర్టెన్ కాగి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అదే అడ్డం అద్దానికి బయట ఉంటే కాగేది బయటే, గాలికి పోతుంది. సిరిసిల్ల నుంచి ఎంత మందం గుడ్డ తెచ్చి కుట్టించినా ఈ తేడా మారదు.

బయట ఏం కట్టాలంటారా? వెదురు చిక్కులు మంచివి, చవక. పొద్దున చుట్టి పైకి కట్టి, మధ్యాహ్నం దింపుకోవచ్చు. నేను మొదట అవే కట్టించాను. పదిహేను రోజులు బ్రహ్మాండంగా పనిచేశాయి. పదహారోరోజు కోతులొచ్చాయి! మన ఊళ్ళలో కోతుల సంగతి మీకు చెప్పాలా? కూర్చుని, తీరిగ్గా, పుల్లకి పుల్ల పీకి పారేశాయి. కోతులు లేని వీధిలో ఉంటే మీరు అదృష్టవంతులు, చిక్కులు కట్టుకోండి. నర్సరీల్లో వాడే పచ్చ షేడ్‌నెట్ కూడా పనికొస్తుంది గానీ దాన్ని గోడకి అంటించినట్టు కాకుండా ఒక అడుగు దూరంగా లాగి కట్టాలి, మధ్యలో గాలాడాలి. కాస్త స్థలం ఉంటే పందిరేసి రాధామనోహరం తీగ పాకించండి. లేదంటే సంక్రాంతి వెళ్ళాక బీరపాదో సొరపాదో పెట్టి నీళ్ళు తప్పకుండా పొయ్యండి, ఎండలు ముదిరేసరికి అల్లుకుంటుంది, కూరా వస్తుంది. ఖాళీ ఉన్నవాళ్ళు వేపో కానుగో వేస్తే అయిదారేళ్ళలో దాని నీడ గోడంతటికీ అందుతుంది. పక్కవాళ్ళతో ఆకుల పంచాయితీ వస్తే అది వేరే కాలమ్.

చివరికి మేం చేసిందేమిటంటే, గ్రిల్లు చేసే అతని దగ్గరే కిటికీకి బయట అడుగు దూరంలో ఇనప ఫ్రేము పెట్టించి, దానికి వాలుగా ఉండే రేకు పట్టీలు వేయించాం. పాతకాలం చెక్క తలుపులకి పలకల మెట్లుండేవి చూశారా, అలాగే. కోతుల పప్పులుడకవు, గాలి వస్తుంది, ఎండ ఆగుతుంది. కిటికీని సగానికి తగ్గించి, కింది భాగం ఇటుకతో కట్టించాం. కొత్తగా కట్టుకునేవాళ్ళు ఇంకా బాగా చెయ్యొచ్చు. పడమటి గోడలో పెద్ద కిటికీ బదులు మట్టి జాలీలు పెట్టుకోవచ్చు. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టుగారు ఇటుకల్ని వదులుగా పేర్చి అల్లిన జాలీ గోడలు చాలా పేరుపొందాయి. మన కరీంనగర్ వెండి తీగ పనిలో సందులు ఎలా ఉంటాయో అలా, చిన్న చిన్న సందులు, నిండా గాలి. ధూళి కూడా వస్తుందనుకోండి, దాని సంగతి తర్వాత చెబుతా.

పడమర కిటికీని పూర్తిగా మూసెయ్యమని మాత్రం చెప్పను. తొలకరి మొదలయ్యాక గాలి అటునుంచే, నైరుతి నుంచే వస్తుంది. మృగశిర కార్తె నాటి మొదటి చల్లగాలిని లోపలికి రానివ్వకపోతే ఇంకేం ఇల్లండీ అది!

ఇక అద్దం. రంగు అద్దం అంటే చల్లటి అద్దం అనుకోవడం మా మేస్త్రీ ఒక్కడి పొరపాటు కాదు. నీలం, ఆకుపచ్చ, నలుపు అద్దాలు వెలుతురుని బాగానే తగ్గిస్తాయి. వేడిని కొంత తగ్గించి, మిగతాది తామే పీల్చుకుని కాగుతాయి. సాయంత్రం మా నీలం అద్దాన్ని లోపలివైపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. చీకటైందని పగలే లైటు వేసుకున్నాం, అది అదనం. షాపులో రంగు అడక్కండి, రెండు అంకెలు అడగండి. ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె ఒకటి, దాన్ని ఎస్.హెచ్.జి.సి. అంటారు. వెలుతురు ఎంత వస్తుందో చెప్పేది ఇంకొకటి, వి.ఎల్.టి. మామూలు తెల్ల అద్దానికి మొదటి అంకె 0.8 చుట్టూ ఉంటుంది, అంటే పదిలో ఎనిమిది వంతులు లోపలికే. వేడిని తిప్పికొట్టే పూత వేసిన మంచి అద్దాలకి అది 0.3 దాకా దిగుతుంది. మొదటి అంకె తక్కువగా, రెండోది మరీ తగ్గకుండా ఉన్నది మంచి అద్దం. ఆ అంకెలు కాగితం మీద చూపించలేని షాపులో ఎక్కువ ధర పెట్టకండి.

మంచిర్యాల సోదరి అడిగిన రెండు పొరల అద్దం సంగతి ఇక్కడే వస్తుంది. రెండు అద్దాల మధ్య గాలి బంధించి ఉంటుంది కనక బయటి వేడిగాలి లోపలికి పాకడం దాదాపు సగానికి తగ్గుతుంది. అది అబద్ధం కాదు. అయితే రెండూ మామూలు తెల్ల అద్దాలే అయితే సూటిగా వచ్చే ఎండని అవి పెద్దగా ఆపవు, పదిలో ఏడు వంతులు వచ్చేస్తుంది. పడమటి కిటికీకి పూత లేని రెండు పొరల అద్దం పెట్టడమంటే పిల్లి దూరే కంత వదిలేసి తలుపుకి రెండు తాళాలు వేసినట్టే. ఇంకోమాట, ఆ లాభమంతా కిటికీ మూసి, లోపల రోజంతా ఏసీ నడిచేచోట. మనలో చాలామంది కూలర్‌తో, రాత్రి పూట తెరిచిన కిటికీతో గడుపుతాం. తెరిచిన కిటికీకి అద్దం ఎన్ని పొరలైతేనేం?

కాబట్టి సోదరీ, పెళ్ళి డబ్బు ముట్టుకోవద్దు. ఇంట్లో ఒకటో రెండో గదుల్లో ఏసీ పెట్టే ఆలోచన ఉంటే, ఆ గదులకి కిటికీ ఉత్తరానికో దక్షిణానికో పెట్టి, మూస్తే సందుల్లేకుండా మూసుకునేలా చూసుకోండి. స్లైడింగ్ కిటికీల సందుల్లోంచి చల్లగాలి జారిపోతుంది, తలుపులా తెరుచుకునే కిటికీ రబ్బరు బీడింగుతో గట్టిగా పడుతుంది. పడమటి గదికే ఏసీ తప్పదంటే ఆ ఒక్క కిటికీకి పూత ఉన్న అద్దం కొనండి, బయట అడ్డం కూడా పెట్టండి. బిల్లు సగమౌతుందన్న మాట నమ్మకండి, అది కిటికీ ఒక్కదాని చేతిలో లేదు. మేడ మీద గదులైతే స్లాబు నుంచి దిగే వేడే ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ విధానం ప్రకటించింది కూడా ఇందుకే. స్లాబు మీద తెల్ల పూతకి పెట్టే ఖర్చు ముందు పెట్టండి, అద్దం తర్వాత. ఏసీ రోజుకి ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది, పది యూనిట్లు తాగుతుంది. గృహజ్యోతిలో 200 యూనిట్ల గీత దాటితే మొత్తానికీ బిల్లు కట్టాలి కనక, మన ఇళ్ళలో ఆ గీత దగ్గర ప్రతి యూనిట్టూ లెక్కే.

స్లైడింగ్ అంటే గుర్తొచ్చింది. ఎంత పెద్ద స్లైడింగ్ కిటికీ అయినా తెరుచుకునేది సగమే. కేంద్రప్రభుత్వం 2018 డిసెంబరులో ఇళ్ళ కోసం 'ఎకో నివాస్ సంహిత' అని ఒక నియమావళి తెచ్చింది. పెద్ద స్థలాల్లో కట్టే ఇళ్ళని ఉద్దేశించిందే అయినా అందులో ఒక లెక్క మనందరికీ పనికొస్తుంది. గచ్చు వైశాల్యంలో తెరుచుకునే భాగం ఎంతుండాలో చెప్పారు. హైదరాబాదులాంటి మిశ్రమ వాతావరణానికి ఎనిమిదో వంతు, ఉక్కపోత ఎక్కువున్న చోట్లకి ఆరో వంతు. పన్నెండడుగుల చదరపు గది చూడండి, 144 చదరపు అడుగులు. ఎనిమిదో వంతంటే పద్దెనిమిది. నాలుగడుగుల స్లైడింగ్ కిటికీ తెరిస్తే వచ్చేది ఎనిమిదే! రెక్కల కిటికీ అయితే పధ్నాలుగు పైన వస్తుంది, ఒక వెంటిలేటరు కలిపితే సరిపోయింది. ఈ రోజుల్లో ఫాల్స్ సీలింగు కోసమని వెంటిలేటర్లు మానేస్తున్నారు. వేడిగాలి పైకి పోతుందని చిన్నప్పుడే చదువుకున్నాం, పైకి పోయినదానికి దారి మాత్రం మూసేస్తాం.

ఫ్రేము గురించి ఎక్కువ చెప్పను. మన ఆదిలాబాదు టేకుని మించింది లేదు, చెక్కలోంచి వేడి పాకదు. అంత పెట్టలేకపోతే యూపీవీసీ కూడా వేడి పాకనివ్వదు, చెదల బాధ ఉండదు, కానీ పలచటిది కొంటే కొన్నేళ్ళకి ఎండకి పెళుసెక్కుతుంది. అల్యూమినియం చవక, గట్టి, కానీ వేడిని ఇటునుంచి అటు దాటిస్తుంది. నీడలో ఉన్న కిటికీకి అల్యూమినియం పెట్టుకున్నా కొంప మునగదు. కిటికీ గడపకి మాత్రం మన గ్రానైటు పరిచి బయటికి సాగదీయకండి, సాయంత్రానికి పెనమైపోతుంది.

కూలర్ ఎక్కడ పెడతారో ఇప్పుడే అనుకోండి. కూలర్‌కి కిటికీ కావాలి, అదీ నీడ పక్కది, ఉత్తరమో తూర్పో. దానికి ఎదురు గోడలో ఇంకో కిటికీ జానెడు తెరిచి ఉంచాలి. అన్నీ మూసి కూలర్ వేసుకుంటే గంటలో గది ఉక్కపోసి, ఒళ్ళు జిగటగా తయారౌతుంది. చాలామంది కూలర్ బాగోలేదని తిట్టుకుంటారు, లోపం మూసిన కిటికీది.

కిటికీ తెరిచే వేళ కూడా కిటికీ అంత ముఖ్యం. వేసవిలో పొద్దున ఎనిమిది, తొమ్మిది లోపు అన్నీ మూసెయ్యండి. "గాలి రానీ" అని మధ్యాహ్నం తెరిస్తే వచ్చేది గాలి కాదు, వడగాలి. రాత్రి ఎనిమిది దాటాక అన్నీ తెరిచి తెల్లారేదాకా ఉంచండి, గోడలు ఆ చల్లదనాన్ని పీల్చుకుంటాయి. దొంగల భయానికి గ్రిల్లు, దోమలకి జాలీ తప్పవు. జాలీ వల్ల గాలి తగ్గుతుంది, దానికి దుమ్ము పడితే ఇంకా తగ్గుతుంది. గోదావరిఖని, మందమర్రి వైపు ఓపెన్‌కాస్టు గనుల దగ్గరున్న అక్కచెల్లెళ్ళకి ఈ దుమ్ము సంగతి నాకన్నా బాగా తెలుసు. తీసి కడుక్కునేలా, చట్రానికి అంటించే రకం జాలీ పెట్టించుకోండి. వారానికోసారి తడిగుడ్డ పెట్టినా చాలు. మట్టి జాలీలున్న గోడకి లోపలివైపు చెక్క తలుపు ఉంటే ధూళి లేచే వేళ మూసుకోవచ్చు.

అత్తమ్మ మళ్ళీ తన గదికి వెళ్ళింది. వెళ్ళే ముందు సాయంత్రం అయిదింటికి గోడకి అరచెయ్యి ఆనించి చూసింది. "గిప్పుడు మంచిగున్నది, గని రోడ్డు మీద పోయెటోళ్ళు కనవడ్తలేరు" అంది. ఆ మాటకి గ్రిల్లు అతన్ని మళ్ళీ పిలిపించి, ఆవిడ కుర్చీలో కూర్చుంటే కళ్ళ ఎత్తుకొచ్చే రెండు పట్టీలు తిరిగేలా చేయించాం. ఎండ వాలాక అవి తెరుచుకుని, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ కూర్చుంటుంది.

మంచిర్యాల సోదరికి ఇంకొక్క మాట. ప్లాస్టరింగు మొదలవ్వకముందే పడమటి కిటికీల పైనా పక్కలా గోడలో ఇనప కొక్కేలు పెట్టించుకోండి. చిక్కు కట్టినా, నెట్ కట్టినా, తీగ పాకించినా వాటితోనే పని. తర్వాత పెట్టిద్దామంటే రంగు పాడవుతుందని మీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు.